గృహోపకరణ విచారము: ఇంటికి దగిన ఆంప్లిఫయరు

ఇటీవల మాకు వచ్చుచున్న లేఖలలో సంగీతము వినిపించు యంత్రములనుగూర్చినవి కొన్ని కలవు. వానిలో గుడివాడ ప్రాంతమునుండి యొక సోదరి వ్రాసినది మిక్కిలి యాలోచింపదగినది. ఆమె భర్త ఉద్యోగవిరమణ చేసిరి. చేతికి వచ్చిన సొమ్ములో కొన్ని లక్షలు వెచ్చించి శ్రేష్ఠమైన విదేశపు స్టీరియో ఆంప్లిఫయరు కొనవలెనని వారి సంకల్పము. ఇంట అత్తగారు కూర్చిన గ్రామఫోను రికార్డులు రెండువందలకు పైగా నున్నవి. ఆ వృద్ధురాలికి ఇప్పుడు చెవి కొంత మందగించినది. “శబ్దము వినబడుచునే యున్నది గాని మాట తెలియుట లేదమ్మా” యని కోడలితో ననుచుండునట. “ఈ కొనుగోలు మావారి ముచ్చటకా, మా యత్తగారి చెవికా? వద్దనుటకు మనసొప్పదు, సరే యనుటకు ధైర్యము చాలదు. యంత్రముల సంగతి నాకు తెలియదని వారు నన్నడుగుటయే మానిరి. నేనేమి చెప్పవలెను?” అని సోదరి ప్రశ్న.

ఈ ప్రశ్న యొక్క కుటుంబమునకు మాత్రమే సంబంధించినది కాదు. ఇల్లు కట్టునపుడును, పెండ్లి కుదుర్చునపుడును గృహిణిని సంప్రదించు పురుషులు సయితము మీటలును తీగలును గల వస్తువు కొనునపుడు ఆమె యూసెత్తరు. కాని దినములో నెక్కువ గడియలు ఇంట నుండి ఆ యంత్రము పలుకు ప్రతి పలుకును వినునది తరచుగా నామెయే. కావున ఎంపికలో నామె చెవికి ప్రమాణము కలదనియు, ఆ ప్రమాణమును వినియోగించుటకు గొంత యంత్రజ్ఞానము చాలుననియు మా యభిప్రాయము. ఆ కొంత జ్ఞానమును ఈ మాసము సోదరీమణులకు నివేదించుచున్నాము.

మొదట ఆంప్లిఫయరు చేయు పని యెట్టిదో చూతము. రికార్డుమీద నడచు ముల్లు పుట్టించు విద్యుత్తు అత్యల్పము. దానికి స్పీకరులోని అట్టను కదల్చు శక్తి లేదు. గోడనుండి వచ్చు విద్యుత్తునకు శక్తి యున్నది గాని పాట లేదు. ఈ రెంటిని గూర్చునదే ఆంప్లిఫయరు. కృష్ణాడెల్టాలో బుట్టిన మనకు ఈ సంగతి సులభముగా బోధపడును. బెజవాడయొద్ద 1855లో ఆనకట్ట పూర్తియైన పిదప బందరు కాలువకు నీరు వచ్చినది. అంత నీటిని మనిషి మోసికొని రాడు. తూము తలుపును కొంచెము ఎత్తిన నీరు హెచ్చును, కొంచెము దించిన తగ్గును. చేతి బలము స్వల్పము, నీటి బలము ప్రబలము. అయినను నీరు చేతి చెప్పుచేతలలో నడచును. ఆంప్లిఫయరులో పాట యనునది తలుపెత్తు చేయి. గోడనుండి వచ్చు విద్యుత్తు కాలువ నీరు. గాజుబుడ్డివంటి పాతకాలపు సాధనమునకు ఇంగ్లీషువారు వాల్వు అని పేరు పెట్టిరి. తలుపు జారుడు లేక, ముడి పడక, చేయి యెట్లాడిన నట్లాడుటయే మంచి ఆంప్లిఫయరు లక్షణము. తక్కిన వర్ణనలన్నియు దీని తరువాతివే.

శబ్దమును పెద్దది చేయు యంత్రముకొరకు ధనమంతయు నొడ్డిన పురుషుడు మన మచిలీపట్టణమున జన్మించినవాడే. తెలుగు చలనచిత్ర పితామహుడని కీర్తి గాంచిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1869లో ఇచట బుట్టి చెన్నపట్టణమున ఛాయాచిత్రకారులుగా స్థిరపడిరి. వారు క్రోనోమెగాఫోను అను ఫ్రెంచి యంత్రమును దెప్పించి 1910లో విక్టోరియా పబ్లిక్ హాలునందు ప్రదర్శించిరి. గ్రామఫోను పలుకును బొమ్మతో జతపరచి సభకెల్ల వినిపించు సాధనమది. అప్పటికి విద్యుత్తుతో శబ్దమును పెంచు పద్ధతి వాడుకలోనికి రాలేదు. ఒత్తిడిపెట్టిన గాలిని చిన్న కవాటముగుండ విడిచి శబ్దమును బెంచెడివారు. ఆ కవాటమును గదల్చునది రికార్డుమీది ముల్లు. అనగా తూము తలుపు అప్పుడును ఉన్నది. నీటికి బదులు గాలి పారినది. ఆయన కొన్నది సభాభవనముకొరకు, వేలమంది వినుటకు. మనము కొనుచున్నది ముందుగదికొరకు, నలుగురు వినుటకు. ఈ భేదమును మరచుటచేతనే ధనము వ్యర్థమగుచున్నది.

ఇక దుకాణమున మొదట వినబడు మాట వాట్టులు. నూరు వాట్టులు, రెండునూరులు అని చెప్పగా విని, ఎక్కువయున్నది మేలనుకొందుము. లెక్క చూడుడు. సాధారణమైన స్పీకరునకు ఒక్క వాట్టు నిచ్చి, ఒక మీటరు దూరమున గొలిచిన సుమారు 87 డెసిబెలుల శబ్దము వచ్చును. ఇద్దరు కూర్చుండి మాటలాడుకొనునపుడు వచ్చునది 60 డెసిబెలులు. ఒక్క వాట్టే సంభాషణకు మించి మ్రోయునన్నమాట. వాట్టులు రెట్టింపైన శబ్దము హెచ్చునది 3 డెసిబెలులు మాత్రమే. చెవికి రెండింతలుగా దోచుటకు సుమారు 10 డెసిబెలులు, అనగా వాట్టులు పదింతలు కావలెను. కావున 50 వాట్టుల పెట్టెకును 100 వాట్టుల పెట్టెకును ధరలో నెంత దూరమున్నను శబ్దములో దూరము స్వల్పము.

అట్లని రెండు వాట్టులతో సరిపెట్టుకొనవలెనని మేము చెప్పము. మృదంగముపై పడు గట్టి దెబ్బ, గాయకుడు తారస్థాయి నందుకొను క్షణము సామాన్యపు మట్టమునకు 20 డెసిబెలులు మించవచ్చును. అప్పుడు నూరింతల శక్తి క్షణకాలము కావలసివచ్చును. సాధారణముగా పదియవవంతు వాట్టుతో వినువారికి ఆ క్షణమున పది వాట్టులు కావలెను. కొంత మిగులు నుంచుకొన్నను మధ్యతరగతి గదికి 30 మొదలు 60 వరకు నిజమైన వాట్టులు చాలును. నిజమైన యనుటయేమనిన, రెండు ప్రక్కలును ఒకేసారి, ఎడతెగక, 8 ఓముల స్పీకరులకు, వికృతి యింతకు మించకుండ ఇచ్చునవి. ఈ నాలుగు షరతులును లేని యంకెను లెక్కలోనికి దీసికొనరాదు.

పిమ్మట తరగతుల ప్రసంగము వచ్చును. అనలాగు పద్ధతిలో పాట యొక్క విద్యుత్తరంగము తన యాకారము నెచటను విడువక పెరుగును. ఇందు ‘ఏ’ తరగతి, ‘ఏబీ’ తరగతి యని రెండు ముఖ్యములు. ఇద్దరు స్త్రీలు ఒకే రోటిలో మార్చి మార్చి పోటు వేయుట తలచుకొనుడు. ఒకరి పోటు ముగిసి రెండవవారిది మొదలగునపుడు సందు పడిన లయ చెడును. ఆంప్లిఫయరులోను తరంగము పైసగమును ఒక సాధనము, క్రిందిసగమును మరియొక సాధనము మోయుచుండ, చేతులు మారు తావున సన్నని గీఱు వంటి వికృతి పుట్టును. పెద్ద శబ్దములో నిది కలిసిపోవును. మెల్లగా వినునపుడే తెలియును. ‘ఏబీ’ తరగతిలో ఒకరు ముగింపకముందే రెండవవారందుకొందురు గనుక సందు చాలవరకు మాయును. ‘ఏ’ తరగతిలో ఏ సాధనమును రోకలి దించనే దించదు. సందు మాటే లేదు.

దానికి మూల్యము వేడిమి. 30 వాట్టుల ‘ఏ’ తరగతి పెట్టె, పాట పాడినను మానినను, గోడనుండి సుమారు 200 వాట్టులు త్రాగుచునే యుండును. దినమునకు మూడు గంటలు వేసిన నెలకు 18 యూనిట్లు. ఆ శక్తిలో మిక్కిలి భాగము గదిలో వేడిమియై మిగులును. రోహిణికార్తెలో దివిసీమ యింట కూర్చుండి యిట్టి కుంపటిని ప్రక్కన బెట్టుకొని పాట వినువారికి పంకాకూడ వేయవలసివచ్చును. పంకా హోరులో ఆ సన్నని మేలు వినబడదు. మన మండు వేసవికి చక్కగా నిర్మించిన ‘ఏబీ’ తరగతి పెట్టెయే యుక్తము. ఇది గాక క్షణమునకు లక్షలసార్లు తెరచి మూయు ‘డీ’ తరగతి యొకటి నేడు ప్రబలినది. అది చల్లగా నుండును, వానిలో మంచివియు గలవు. అయితే మా సోదరి భర్త కోరినది అనలాగు గనుక ఆ చర్చ నిచట విస్తరింపము.

వాల్వు పెట్టెల మోహము మాత్రము ప్రత్యేకముగా జెప్పదగినది. చీకటిగదిలో నవి దీపములవలె వెలుగుచుండ చూచుట కింపుగా నుండును. వాని నాదము మధురమను ప్రసిద్ధికిని ఆధారము కలదు. ఒంటి వాల్వుతో నడచు పెట్టెలో బుట్టు వికృతి ముఖ్యముగా మూలస్వరమునకు రెట్టింపు కంపనముల స్వరము. షడ్జము పాడగా పైస్థాయి షడ్జము కొంచెము తోడగుచున్నదన్నమాట. తంబుర తీగలో సహజముగ వినబడు తోడు స్వరములకు జెవి యలవాటుపడిన మనకు అది దోషముగా దోపదు. కాని గాజు చేయి కాలునంత వేడెక్కును. లోపల 300 వోల్టులకు మించిన విద్యుత్తుండును. స్విచ్చి తీసిన పిదపకూడ కొంతసేపు లోపల నిలువయుండి ప్రాణమునకు ముప్పు దెచ్చును. వాల్వులు కాలక్రమమున అరిగి మార్పవలసివచ్చును. ప్రాకు పిల్లలున్న యింటికి చుట్టును ఇనుపజాలి గప్పిన పెట్టెను దప్ప వేరొకదానిని మేము సమ్మతింపము.

ఇప్పుడు రికార్డుల సంగతికి వత్తము. సోదరి ప్రశ్నకు మర్మస్థానమిదియే. గుడివాడకు జేరువ చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పద్యములు లేని రికార్డుల పెట్టె మన సీమలో నరుదు. కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ ఆ కంఠమున విని కన్నీరు పెట్టని తల్లులు తక్కువ. ఆ కాలపు రికార్డులు మోనో పద్ధతివి. రెండు ప్రక్కలను ఒకే నాదముండును. రెండు ప్రక్కలకు వేర్వేరుగ ముద్రించు స్టీరియో పద్ధతికి ఇంగ్లండున ఆలన్ బ్లూమ్లీను 1931లోనే పేటెంటుకు దరఖాస్తు చేసినను, అట్టి రికార్డులు బజారున విరివిగా వచ్చుట 1958లో. కావున ఎంత గొప్ప స్టీరియో పెట్టెయైనను ‘పుష్పవిలాపము’ను కుడియెడమలకు విస్తరింపజాలదు. అంతేకాక మోనో రికార్డు గాడిలో పాట ముల్లును ప్రక్కలకు మాత్రమే కదుపును. దుమ్మును గీతలును పైకి క్రిందికి గూడ కుదుపును. స్టీరియో ముల్లు ఆ కుదుపులనుగూడ శబ్దముగా మార్చి వినిపించును. రెండు ప్రక్కలను గలిపివేయు ‘మోనో’ మీట యున్నయెడల ఆ నిలువు కుదుపులు ఒకదాని నొకటి చంపుకొని గరగర చాలవరకు తగ్గును. పాత పాటలు గల యింటికి ఈ చిన్న మీట నూరు వాట్టులకంటె విలువైనది.

ముల్లు పుట్టించు విద్యుత్తునకు తగిన ప్రవేశద్వారము ‘ఫోనో’ అని వేరుగా నుండవలెను. సామాన్యపు ముల్లు నిచ్చునది సుమారు 5 మిల్లీవోల్టులు. సీడీ యంత్రము నిచ్చునది 2 వోల్టులు, అనగా నాలుగువందల రెట్లు. పైగా రికార్డును ముద్రించునపుడు మంద్రధ్వనులను దగ్గించి సన్నధ్వనులను హెచ్చింతురు. వినునపుడు దానిని మరల సరిచేయవలెను. 1954 మొదలు ఇందులకొక యుమ్మడి ప్రమాణమేర్పడినది. అంతకు ముందువగు నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డులకు ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క లెక్క. వాని గాడియు వెడల్పు గనుక ముల్లును వేరుగా నుండవలెను. వానిని ఒకే కొలతతో విన్నచో కొన్ని బుర్రలో మాటవలెను, కొన్ని రేకుపై గోకినట్లును తోచును. దీనికి మందు మంద్రమును తారమును వేర్వేరుగ హెచ్చించి తగ్గించు స్వరనియంత్రణ మరలు.

ఇచటనే యొక విచిత్రము గలదు. ధర హెచ్చినకొలది ఈ మరలు మాయమగుచుండును. పాటను ఉన్నదున్నట్లు వినిపించుటయే ధర్మమనియు, మరలు దానికి కళంకమనియు కొందరు నిర్మాతల మతము. క్రొత్త రికార్డులకును పడుచు చెవులకును ఆ మతము చెల్లును. పాత రికార్డులకును వృద్ధుల చెవులకును చెల్లదు. వయసుచేత మందగించు చెవి మొదట పోగొట్టుకొనునది సన్నధ్వనులను. స, శ, త, క వంటి హల్లుల గుఱుతు వానియందే యున్నది. అచ్చులు వినబడును, హల్లులు జారిపోవును. అందుచేతనే ‘శబ్దము వినబడును గాని మాట తెలియ’దని యా యత్తగారనుచున్నారు. ఉన్న శబ్దమునంతను బెంచిన అచ్చులును పెరిగి హల్లులను మఱింత కప్పును. తారమును మాత్రము కొంచెము హెచ్చించిన మాట తేటపడవచ్చును. ఖరీదైన పెట్టెలలోను ఈ మరలను విడువనివి గలవు. జపానుదేశపు లక్స్‌మన్, అక్యుఫేజ్ సంస్థల ఆంప్లిఫయరులలో వీనిని చూడవచ్చును. అంతకంటె చాల తక్కువ ధర పెట్టెలలోను గలవు. కావున మరలున్నవా యని మొదట అడుగుడు. ధర పిదప నడుగవచ్చును.

మన సముద్రతీరమునకు బ్రత్యేకమగు చిక్కులు కొన్ని కలవు. బందరున వంటయింటి ఇత్తడి సామాను తోమిన కొలదిదినములకే నల్లబడుట గృహిణులెరుగుదురు. ఆ యుప్పుగాలియే ఆంప్లిఫయరు వెనుకనున్న తీగల మొగములను బచ్చపట్టించును. ఏడాదికి రెండుమార్లు తీగలనూడదీసి, పొడిగుడ్డతో దుడిచి, మరల బిగించిన చాలును. వెలగల బంగారుపూత తీగలకు వేలు పోయనక్కరలేదు. తగినంత లావుగల మామూలు రాగితీగ ఆ పనినంతయు జేయును. గాలి తగులుటకు పెట్టెపై జానెడు ఖాళీ వదలవలెను. లోపలి కెపాసిటర్లు అను భాగములకు వేడిమి శత్రువు. పది డిగ్రీల వేడిమి హెచ్చిన వాని యాయువు సుమారు సగమగును. గాలిసందులలో బల్లులును చీమలును దూరకుండ కనిపెట్టుచుండవలెను. పెట్టెమీద వస్త్రము మాత్రము నడచుచుండగా గప్పరాదు.

కరెంటు విషయము మఱింత ముఖ్యము. పెట్టె వెనుక 230 వోల్టులని యున్నదో లేదో చూడుడు. జపానులో వాడుటకు జేసినవి 100 వోల్టులవి. అట్టి వాడిన పెట్టెలు చవుకగా దొరకునపుడు తొందరపడి కొని నేరుగా గోడకు దగిలించిన మరుక్షణమే బూడిదయగును. మన పల్లెలలో వోల్టేజి హెచ్చుతగ్గులు మెండు గనుక తగిన స్టెబిలైజరు వలయును. ఎర్తు తీగ నిజముగా నేలకు జేరినదో లేదో విద్యుత్పనివానిచే గొలిపించుడు. తీరపు చౌటినేల విద్యుత్తును జక్కగా గ్రహించును గాని పాతిన ఇనుమును త్వరగా దినివేయును. ఏటేట చూపించుకొనుట మేలు. ఉఱుములు మెఱుపులు మొదలైన స్విచ్చి తీయుటతో దృప్తి నొందక ప్లగ్గునే యూడదీయుడు.

తుపానుల మాటకూడ జెప్పవలెను. 1977 నవంబరు 19వ తేదిని ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను హరించినది. ఆ సీమలో నేల మట్టమున విలువైన వస్తువును నిలువరాదని వేరుగా జెప్పనక్కరలేదు. ఎంత గొప్ప ఆంప్లిఫయరైనను కరెంటు పోయిననాడు మూగది. వార్త వినుటకు బ్యాటరీతో నడచు చిన్న రేడియో యొకటి ప్రతి యింటను సిద్ధముగా నుండవలెను. లక్షలు పోసి పాటపెట్టె కొన్న యింట ఆ చిన్న రేడియో లేకుండుట వివేకము గాదు.

ఇక పరీక్ష విధానము. పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమున, తుంబురుని మించగోరిన నారదుడు తుదకు శ్రీకృష్ణుని యంతఃపురమున జాంబవతీ సత్యభామా రుక్మిణుల యొద్ద సంగీతము నేర్చుకొన్న కథ సోదరీమణులెరిగినదే. అంతఃపురపు చెవి యంతటిదని కవి యభిప్రాయము. మనకు రుక్మిణీదేవి విద్య లేకపోవచ్చును. కాని పాలు పొంగుటకు ముందటి సడిని, జ్వరపు బిడ్డ యూపిరిలోని తేడాను పక్కగదినుండి పసిగట్టు చెవి మనది. ఆ చెవిని దుకాణమునకు గొంపోవుడు.

వెళ్లునపుడు మీరు ముప్పదియేండ్లుగా వినుచున్న రికార్డులను మూడు నాలుగు వెంటగొనిపొండు. దుకాణమువారి రికార్డు వారి పెట్టెకు ననుకూలమైనది. రెండు పెట్టెలను బోల్చునపుడు రెంటిని సమానమైన శబ్దముతో వినిపింపుడని పట్టుబట్టుడు. కొంచెము గట్టిగా మ్రోగునదే మేలైనదిగా దోచుట చెవి స్వభావము. ఈ కిటుకు తెలియక మోసపోవువారు పెక్కండ్రు. పిదప ఇంటిలో వినునంత మెల్లగా వినుడు. తంబుర శ్రుతి యెడతెగక, మీటు మీటునకు దోడుస్వరములతో వచ్చుచున్నదా? మృదంగము ఎడమవైపు దెబ్బ గుమికివలె గుండ్రముగా వినబడి వెంటనే యాగుచున్నదా, బరువైన మూటవలె దొరలుచున్నదా? స్త్రీకంఠమున సకార శకారములు వేర్వేరుగ దెలియుచున్నవా, ఈలవలె గ్రుచ్చుచున్నవా? కూచిపూడివారి భామాకలాపపు రికార్డున్నచో గజ్జెలను వినుడు. ఒక్కొక్క మువ్వ విడిగా వినబడవలెను, చిల్లర డబ్బుల మూటవలె గాదు. పది నిమిషములలో మెఱపు చూపునది కొన్న పిదప తల నొప్పించవచ్చును గనుక గంటసేపైనను గూర్చుండుడు. సాధ్యమైన వారమురోజులు ఇంట వినుటకు ఒప్పుదల దీసికొనుడు.

ఇంట వినునపుడు కుర్చీలో గూర్చున్నవారి తీర్పు సగమే. మీరు వంటయింట నుండి వినుడు. గోడలు దాటి వచ్చినను పదము తెలిసిన పెట్టె మంచిది. గది సిమెంటు నేలతో, వట్టి గోడలతో నున్నయెడల శబ్దము గోడలకు దగిలి మరలి వచ్చి మాటను జెఱచును. దీనికి మందు ఆంప్లిఫయరు కాదు. నేలపై బొంత, ప్రక్కన పరుపు, పుస్తకాల బీరువా, కిటికీలకు మడతలు మడతలుగా దట్టమైన తెరలు. మన పెడనలో నద్దిన కలంకారీ వస్త్రమును లోపల మందపు గుడ్డ వేసి తెరగా కట్టిన కంటికిని చెవికిని గూడ మేలు.

ఇంతవరకు జెప్పినదానినిబట్టి మా సోదరికి మా సమాధానము. కొనవలదని మీవారితో జెప్పకుడు. పెద్దకల్లేపల్లి సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారి పాఠము పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి, వారినుండి బాలమురళీకృష్ణగారికి జేరి, 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియోద్వారా మన వంటయిండ్లకు వచ్చినది. ఇట్టి సంగీతము బుట్టిన సీమవారికి మంచి నాదము కోరుట విలాసమని మేమనము. కాని క్రమము మార్చుమని చెప్పుడు. మొదటి వ్యయము అత్తగారిని చెవివైద్యునికి జూపుట; యంత్రము వైద్యమునకు బదులు గాదు. రెండవది నమ్మకమైన ఎర్తు, స్టెబిలైజరు. మూడవది స్పీకరులు, నాదములో మిక్కిలి భేదము చూపునవి అవియే గనుక సొమ్ములో పెద్దపాలు వానికి బోవలెను. నాలుగవది ముల్లును, రికార్డులను శుభ్రపరచు సామగ్రియు. ఆంప్లిఫయరు అయిదవది. 30 మొదలు 60 నిజమైన వాట్టులు, ‘ఏబీ’ తరగతి, ఫోనో ద్వారము, మోనో మీట, స్వరనియంత్రణ మరలు, చెవులకు దగిలించుకొను హెడుఫోనునకు దావు — ఈ లక్షణములున్న పెట్టె మీవారు తలచినదానిలో సగము ధరకే దొరకవచ్చును. చెడిన నెవరు బాగుచేయుదురో, భాగములెన్నాళ్లు దొరకునో బిల్లుమీద వ్రాయించుకొనుడు. చెన్నపట్టణమునకో హైదరాబాదునకో పంపవలసిన పెట్టె బరువుకూడ తలచుకొనుడు.

ఇవన్నియు జూచిన పిదపను మీవారు ఎక్కువ ధరదానినే యిష్టపడి, ఆ సొమ్ము పోయినను ఇంటిల్లిపాది మందులకును దిండికిని లోటు రాదని లెక్క తేలినచో, ఆ ముచ్చటకు అడ్డుపడకుడు. జీవితమంతయు నుద్యోగము చేసినవారి కొక ముచ్చట తీరుట మంచిదే. కాని యా లెక్క మీరిద్దరును కూర్చుండి కాగితముమీద వేయుడు. పెట్టెను మీరిద్దరును విని నిర్ణయింపుడు. తీర్పు మాత్రము అత్తగారిది. ఆమెకు నచ్చిన పద్యమొకటి పెట్టి, తారపు మరను మెల్లగా ద్రిప్పుచు, ఆమె వెంట చరణమును పలుకువఱకు వేచియుండుడు. ఏ పెట్టెతో ఆమె పద్యము నందుకొనునో ఆ పెట్టెను గొనుడు.